వెచ్చని ఒడుల సరఫరా

ఈ శీతాకాలంలో పట్టణ పరిధిలోని ఏ కుందేలుకూ, ఏ గినీపందికీ చలి వేయరాదని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం చదువుతున్నంతసేపూ సభ్యులందరూ కోట్ల మీద కోట్లు వేసుకునే కూర్చున్నారు. సభాభవనం కిటికీ అద్దం పగిలి చాలాకాలమైంది. అయితే అది భవనాల విభాగం వారి పని కాబట్టి ఆ రోజు చర్చకు రాలేదు.

ఇంతటి నిర్ణయానికి మూలం ఒక ఫోటో. పోయిన చలికాలంలో పార్కు చూడవచ్చిన ఒక పెద్దమనిషి మనవరాలు, బోనులో ముడుచుకుని వణుకుతున్న కుందేలును చూసి ఏడ్చింది. ఆ ఏడుపు మర్నాడు పత్రిక మొదటి పేజీలో రంగుల్లో అచ్చయింది. అదే పేజీ అడుగున, ఆస్పత్రిలో రోగులు ఒక్కో దుప్పటిని ఇద్దరేసి పంచుకుంటున్నారన్న వార్త కూడా ఉంది కానీ దానికి ఫోటో లేదు. ఫోటో లేని చలి చలి కిందికి రాదని పత్రిక చదివే వారందరికీ తెలిసిందే.

సభలో గినీపందిని కళ్లారా చూసినవారు ఒక్కరూ లేరు. తెలియకపోవడం చర్చకు అడ్డమని ఆ సభ ఎప్పుడూ అనుకోలేదు. పేరులో పంది ఉంది కనుక, పారిశుద్ధ్య కమిటీ చైర్మన్ ముందుచూపుతో పార్కు వెనక ఎత్తైన గోడలు, ఇనుప గేటు, నడుమ విశాలమైన బురదగుంటతో ఒక దొడ్డి కట్టించాడు. ప్రారంభోత్సవం నాడు బుట్టలోంచి గుప్పెడంత ప్రాణులు దిగాయి. అవి గేటు చువ్వల సందులోంచి తాపీగా బయటికి నడిచివచ్చి సంఘం అధ్యక్షులవారి బూట్లు వాసన చూశాయి. చైర్మన్ ఏమాత్రం తొణకలేదు. ఇవి పిల్లలనీ, తల్లులు వెనక లారీలో వస్తున్నాయనీ ప్రకటించి, చీకటి పడేదాకా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత సంస్కృతి కమిటీ సభ్యురాలు లేచి, ఇంత ముద్దుగా ఉన్నవాటిని పంది అనడం వాటిని అవమానించడమే అన్నారు. అవమానం ఎవరికి, వీటికా లేక పందులకా అని ఇంకొకరు అడిగారు. ఈ ప్రశ్న మీద భోజన విరామం దాకా వాదోపవాదాలు నడిచాయి. చివరికి ఇకమీదట అన్ని ప్రభుత్వ కార్యకలాపాల్లోనూ వాటిని ‘గినీబుజ్జులు’ అని వ్యవహరించాలని నిర్ణయమైంది. అంతవరకు పని సజావుగా సాగింది. ఇక మిగిలింది వాటిని ఎక్కడ పెట్టాలన్నదే.

పట్టణంలో హీటరు పనిచేసే ప్రభుత్వ గదులు మూడే. ఒకటి అధ్యక్షులవారి గది. వచ్చేపోయే జనంతో దాని తలుపు అస్తమానం తెరుచుకుంటుందనీ, ఆ గాలి కుందేళ్లకు మంచిది కాదనీ అధ్యక్షులవారే ఎంతో బాధతో ఒప్పుకున్నారు. రెండోది ఇంజినీరు గది. తనకు కుందేలు బొచ్చు పడదని ఆయన ఆ సాయంత్రానికల్లా డాక్టరు సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు. మూడోది లైబ్రరీలోని పఠన మందిరం. అక్కడ ఉండేవాళ్లు సర్టిఫికెట్లు తెచ్చుకోగల మనుషులు కారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నిర్ణయం వచ్చి లైబ్రరీ మీద పడింది.

లైబ్రేరియన్ నలభై దాటిన మనిషి. మాట తక్కువ, కళ్లద్దాల మీదుగా చూపు ఎక్కువ. భర్త దూరపు రూట్లలో బస్సు నడుపుతాడు, నిద్రపోవడానికి అప్పుడప్పుడు ఇంటికి వస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె మామగారు. మామగారు ఒకప్పుడు పేరున్న దర్జీ. ఊళ్లో సగం మంది పెద్దమనుషుల పొట్టల కొలతలు ఆయనకు కంఠతా వచ్చు, అవి ఏటికేడు ఎలా పెరిగాయో కూడా వచ్చు. వాళ్లుండేది ఒక పాత భవనం పై అంతస్తు. కిటికీ సందుల్లో గుడ్డపీలికలు కుక్కినా గాలి విజిల్ వేస్తూనే ఉంటుంది. భవనానికంతా వేడి అందించే బాయిలరు చెడిపోయింది. బాగుచేయించమని అడిగితే యజమాని, ‘మొన్న ఎండాకాలంలో ఎవరూ ఫిర్యాదు చేయలేదే’ అని ఆశ్చర్యపోతాడు.

అందువల్ల మామగారు రోజూ కోడలితో పాటు లైబ్రరీకి వచ్చి హీటరు పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఆయనలాంటి వారే ఇంకొందరు. వారిలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు రిటైరైన లెక్కల టీచరు. ఎవరేమన్నా ‘అభ్యంతరం’ అనడం ఆయన అలవాటు, అందుకని అందరికీ అభ్యంతరం మాస్టారు. రెండో ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జీవితమంతా ఆపరేటరుగా చేసిన హలో పిన్ని. పక్కనున్నవాళ్లను పిలవాలన్నా ఆవిడ హలో అనే మొదలుపెడుతుంది. వీళ్లంతా ఒకే దినపత్రికను పొద్దుటినుంచి సాయంత్రం దాకా తలో పేజీ చదివేవారు. కొందరు తలకిందులుగా కూడా చదివేవారు. చదువు మీద ఇంత ఆసక్తి ఉన్న పట్టణం మరొకటి ఉండదని అధ్యక్షులవారు చాలా సభల్లో చెప్పుకున్నారు.

ఉత్తర్వు వచ్చింది. పాఠకుల దగ్గు, తుమ్ము, పేజీలు తిప్పే చప్పుడు చిన్న జంతువుల నరాల మీద దుష్ప్రభావం చూపగలవు గనుక పాఠకులు తక్షణం ఖాళీ చేయవలెను. లైబ్రేరియన్ ఇకపై శీతాకాల కుందేళ్ల, గినీబుజ్జుల సంరక్షణాధికారిణిగా వ్యవహరించవలెను. పుస్తకాలు ఉండవచ్చును.

పుస్తకాలు ఉన్నాయి. కింది అరలోని చట్టాల సంపుటాలను కుందేళ్లు మొదటిరోజే అట్టలతో సహా కొరికాయి. వాటిని అంత దగ్గరగా పరిశీలించినవారు అంతకుముందు ఎవరూ లేరు.

మామగారు కుర్చీలోంచి లేచాడు. టోపీ చెవుల మీదికి లాక్కుని బయటికి నడిచాడు. మొదట బ్యాంకులో కూర్చున్నాడు. ఏం పని మీద వచ్చారని గార్డు అడిగాడు, ఆయనకు అబద్ధం చప్పున తోచలేదు. తర్వాత ఫర్నిచరు దుకాణంలో ఒక సోఫా ఎంచుకున్నాడు. మొదటిరోజు ‘చూస్తున్నాను’ అన్నాడు. మర్నాడు ‘ఆలోచిస్తున్నాను’ అన్నాడు. ఆ మర్నాడు ‘ఇంట్లో అడగాలి’ అన్నాడు. ఆపైన దుకాణదారు వేరే గిరాకీ వచ్చిందని సోఫాను లోపలికి జరిపించాడు. ఇక మిగిలింది బస్టాండు. అక్కడ గాలికి టికెట్ అక్కర్లేదు, నాలుగు వైపుల నుంచీ ఎక్కి నాలుగు వైపులా దిగుతుంది. ఆ వారం చివరికి ఆయనకు దగ్గు పట్టుకుంది. దగ్గితే మనిషి మొత్తం ఊగిపోతున్నాడు.

కోడలు ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇద్దరూ వరండాలో బెంచీ మీద గాలిలో కూర్చున్నారు. వంతు వచ్చేసరికి దగ్గు రెట్టింపయింది. డాక్టరు చెవిగొట్టం పెట్టి విని, మందులకంటే ముఖ్యం వెచ్చదనమనీ, ఈయన్ని వెచ్చని గదిలో ఉంచమనీ చెప్పాడు.

“అలాంటి గది ఎక్కడుంది సార్?” అని అడిగిందామె.

“అది మా విభాగం కాదమ్మా,” అన్నాడు డాక్టరు. ఆయన కూడా మఫ్లరు కట్టుకునే ఉన్నాడు.

ఆమె మామగారిని ఇంట్లో దిగబెట్టి, ఉన్న దుప్పట్లన్నీ కప్పి లైబ్రరీకి వచ్చింది. అప్పటికే పశువైద్యుడు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని గినీబుజ్జులను చూస్తున్నాడు. అవి ఓ మూల ఒకదాన్నొకటి హత్తుకుని బిక్కుబిక్కుమంటున్నాయి. పెట్టిన ఆకు పెట్టినట్టే ఉంది. ఆయన మంచివాడు. జంతువులతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవాడు, మనుషులతో మాట్లాడేటప్పుడు మరిచిపోయేవాడు.

“వీటికి గాలి తగలకూడదమ్మా,” అన్నాడు. “కింద గడ్డి పొడిగా ఉండాలి. నీళ్లు మరీ చల్లబడితే ముట్టవు, చూసి మారుస్తుండాలి. ఆకుకూర, కాప్సికం ముక్క రోజూ పడాలి, లేకపోతే నీరసిస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, దిక్కులేనట్టు వదిలేయకూడదు. తోడు లేకపోతే దిగులుపడి తిండి మానేస్తాయి.”

ఆమె ఒక్కొక్క మాటా ఇంట్లోని మంచానికి, కిటికీకి, కంచానికి సరిపెట్టి చూసుకుంది. ఒక్కటీ కుదరలేదు.

“మనుషులకూ అంతేనాండీ?”

పశువైద్యుడు నిజాయతీగా కాసేపు ఆలోచించాడు. “మనుషుల సంగతి నాకు తెలీదమ్మా. నేను చదివింది జంతువుల గురించే.” మళ్లీ గొంతు తగ్గించి, “వీటిని ఎవరి ఒళ్లోనైనా కూర్చోబెడితే తేరుకుంటాయి. ఒంటి వేడి తగలాలి, అంతే,” అన్నాడు.

లైబ్రేరియన్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆమె కళ్లద్దాలు తుడుచుకుందంటే ఏదో చేయబోతోందని లైబ్రరీలో పాత పాఠకులందరికీ తెలుసు. ఆ సమయానికి వాళ్లెవరూ అక్కడ లేకపోవడం వల్ల ఎవరూ హెచ్చరించలేదు.

గినీబుజ్జుల ప్రాణరక్షణకు వెచ్చని ఒడులు అత్యవసరమని ఆమె పురపాలక సంఘానికి విన్నవించింది. సంఘం కదిలిపోయింది. ఒడుల కొనుగోలుకు తక్షణం అనుమతి ఇచ్చింది. ఒడి వెడల్పు ఎంత, మెత్తదనం ఏ రకం, ఎన్నేళ్లు మన్నాలి అని సామగ్రి అధికారి వివరాలు అడిగాడు. పశువైద్యుడికి ఒడిని మెత్తదనంతో కొలవడం తెలియలేదు. గుత్తేదారు తన ఊహ కొద్దీ లోపల బల్బు పెట్టిన రెక్సిన్ దిండ్లు సరఫరా చేశాడు. గినీబుజ్జులు ఒకసారి ఎక్కి, ఒకసారి కాలు కాల్చుకుని, మళ్లీ మూలకు చేరాయి.

ఇక్కడ సామగ్రి అధికారి గురించి ఒక మాట చెప్పాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిగా ఆయనకు ఆఫీసులో ఎప్పటినుంచో పేరుంది. ఆ పేరు నిలబెట్టుకునే అవకాశం ఇప్పుడు దొరికింది. పరిశీలనకు వచ్చిన రోజు ఒక కుందేలు ముందుకాలొకటి పొట్ట కింద ముడుచుకుని కూర్చుంది. ఆయన లెక్కపెట్టుకుని వెళ్లి, తలా మూడు చొప్పున ఉన్ని మేజోళ్లు తెప్పించాడు. లైబ్రేరియన్ ఒక కుందేలును ఎత్తి నాలుగో కాలు చూపించింది. “అది స్పేరమ్మా. స్పేరుకు కూడా మేజోడు ఇస్తూ పోతే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా?” అన్నాడాయన. పశువైద్యుడు మాత్రం కుందేళ్లకు మేజోళ్లే వద్దన్నాడు. బొచ్చు ఉండగా బట్టలెందుకని ఆయన అడిగిన ప్రశ్నను ఆఫీసులో చాలామంది విప్లవాత్మకంగా భావించారు.

దిండ్లు విఫలమయ్యాక లైబ్రేరియన్ మరోసారి సంఘం ముందుకు వెళ్లింది. కొత్త ఒడులు దొరకడం కష్టమనీ, ఊళ్లో కొన్ని పాత ఒడులున్నాయనీ, అవి మునుపు పిల్లల్ని, మనవల్ని మోసిన అనుభవం గలవనీ చెప్పింది. సంఘం దీర్ఘంగా ఆలోచించింది. సెకండ్ హ్యాండ్ సామాను వాడకం మీద నిషేధం ఏమీ లేదని తేలింది. అధ్యక్షులవారు లేచి ప్రసంగించారు.

“మిత్రులారా, మనది కరుణగల పట్టణం. ఒక మూగజీవి చలికి వణుకుతుంటే మన గుండె చెరువవుతుంది. అందువల్ల పాత ఒడులనైనా సరే స్వీకరిద్దాం. అయితే ఒక్క షరతు. ఒడికి పైనా కిందా అంటుకుని ఉండే భాగాలతో ఈ సంఘానికి ఎలాంటి సంబంధమూ ఉండదు.”

చప్పట్లు మోగాయి. చేతులు వేడెక్కుతాయని చాలాసేపు మోగాయి.

మర్నాటి నుంచి పాఠకులు తిరిగి వచ్చారు, ఒడుల హోదాలో. మామగారు హీటరు పక్క తన పాత కుర్చీలోనే కూర్చున్నాడు. కోడలు ఆయన ఒళ్లో ఒక గోధుమరంగు గినీబుజ్జిని పెట్టింది. అది కాసేపు బిగుసుకుని, తర్వాత రొట్టెపిండిలా సాగి పడుకుంది. ఆయన దర్జీ వేళ్లు దాని వీపు మీద కుట్లు సరిచూస్తున్నట్టు తిరిగాయి. “ఏకతాను గుడ్డమ్మా. ఎక్కడా అతుకు లేదు,” అన్నాడు. దగ్గు పట్టుకున్నాక ఆయన నోటివెంట దగ్గు కాని మాట రావడం అదే మొదలు. కోడలు అరల వైపు తిరిగి, ఉన్న పుస్తకాలను ఉన్నచోటనే మళ్లీ సర్దింది.

హలో పిన్ని ఒడిలోకి రెండు గినీబుజ్జులు వచ్చాయి. అవి ఆకు చప్పుడు వినగానే సన్నగా ఈల వేస్తాయి. ఆవిడ వెంటనే, “హలో, ఎవరు కావాలండీ? లైన్లో ఉండండి,” అంటుంది. అవి ఉంటాయి. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చెప్పిన మాట విని లైన్లో ఉన్నవాళ్లు వీళ్లేనని ఆవిడ మురిసిపోయింది. తనను సెకండ్ హ్యాండ్ అనడం మీద అభ్యంతరం మాస్టారు అభ్యంతరం చెప్పాడు. ఒళ్లో కుందేలు పడుకున్నాక మాత్రం ఆయన నోరు మెదపలేదు. కదిలితే లేస్తుందేమోనని తుమ్మును కూడా వాయిదా వేసుకున్నాడు. మిగిలిపోయిన ఉన్ని మేజోళ్లను మామగారు విప్పి, ఆ దారంతో అందరికీ వేళ్ల తొడుగులు అల్లాడు.

ఇక ఒడుల బాగోగులు పురపాలక సంఘం నెత్తిన పడ్డాయి. ఒడి చల్లబడితే జంతువు చల్లబడుతుంది కనుక ఒడికి దుప్పటి వచ్చింది. ఒడికి లోపలినుంచి వేడి పుట్టాలి కనుక మధ్యాహ్నం వేడి సూపు వచ్చింది. మామగారు దగ్గినప్పుడల్లా గినీబుజ్జి ఎగిరిపడుతోంది కనుక, ఆ కుదుపు దాని కాలేయానికి ప్రమాదమని పశువైద్యుడు దగ్గుమందు రాసి, వాడుతున్నాడో లేదో రోజూ వచ్చి అడిగాడు. అంత శ్రద్ధగా తన్ను పరీక్షించిన డాక్టరును మామగారు ఈ వయసుదాకా చూడలేదు. తిరుగు ప్రయాణంలో కోడలితో, “అమ్మాయ్, ఈసారి నాకు ఏం వచ్చినా ఈయన దగ్గరికే తీసుకెళ్లు,” అన్నాడు. ఆమె సరేనంది. నవ్వాలో ఏడవాలో తెలియక చలికి ముక్కు ఎర్రబడినట్టు నటించింది.

ఇలా అంతా సుఖంగా ఉండగా పై నుంచి తనిఖీ బృందం వచ్చింది. పట్టణంలో చెడిపోయిన హీటర్లన్నీ దాటుకుంటూ వచ్చేసరికి వాళ్ల పళ్లు టకటకమంటున్నాయి. బృందం నాయకుడు పఠన మందిరం తలుపు తీసి, లోపల వరసగా కూర్చున్న ముసలివాళ్లను చూసి ఆగిపోయాడు. ఈ జంతువుల గదిలో మనుషులేమిటని అడిగాడు. అధ్యక్షులవారి ముఖం పాలిపోయింది. రికార్డుల ప్రకారం ఆ గదిలో మనుషులు లేరు.

లైబ్రేరియన్ నోరు విప్పేలోపు మామగారే తల ఎత్తాడు.

“మేం మనుషులం కాదండీ, ఒడులం,” అన్నాడు శాంతంగా.

నాయకుడు రికార్డు చూశాడు. ఒడులు ఉన్నాయి. లెక్క సరిపోయింది. ఆయన కోటు విప్పుకుని హీటరు దగ్గరికి జరిగి, నియమాలు అనుమతిస్తే తానూ ఒక కుందేలును పరీక్షించాలనుకుంటున్నానన్నాడు. లైబ్రేరియన్ ఆయన ఒళ్లో ఒక తెల్ల కుందేలును పెట్టింది. ఆ తర్వాత బృందంలో మిగతావారూ పరీక్షించారు. సాయంత్రం దాకా ఎవరూ లేవలేదు. మిగతా తనిఖీలన్నీ కూర్చున్నచోటనే తృప్తికరంగా ముగిశాయి. రోడ్లు, మురుగుకాలువలు, ఆస్పత్రి అన్నీ బాగున్నట్టు తేలింది.

ప్రమాదం పొగడ్తతోనే వచ్చింది. ఈ పథకం ఆదర్శమని పై నుంచి ప్రకటన రాగానే ఒడికి గౌరవం పెరిగింది. గౌరవం పెరిగిన చోటికి బంధువులు వస్తారు. మొదట అధ్యక్షులవారి బావమరిది ప్రధాన ఒడిగా నియమితుడయ్యాడు. చైర్మన్ తోడల్లుడు ఉప ప్రధాన ఒడి. ఇంజినీరు మేనల్లుడికి ఒడి సలహాదారు పదవి దక్కింది, ఆయన కూర్చోనక్కర్లేదు, ఎలా కూర్చోవాలో చెబితే చాలు. ఒడులకు అర్హత పరీక్ష పెట్టారు. మామగారు అందులో తప్పాడు. ఒడి అనగానేమి అన్న ప్రశ్నకు ఆయన జవాబు రాయకుండా కూర్చుని చూపించాడు. అభ్యంతరం మాస్టారు ప్రశ్నపత్రంలో తప్పులున్నాయని అభ్యంతరం రాసి తప్పాడు. హలో పిన్ని వయసు మించిపోయింది. పాత ఒడులన్నీ మళ్లీ బస్టాండు చేరాయి.

లైబ్రేరియన్ అధ్యక్షులవారి దగ్గరికి వెళ్లింది. మామగారికి మళ్లీ దగ్గు తిరగబెడుతుందని చెప్పబోయి, ఆ మాట అక్కడ చెల్లదని గుర్తొచ్చి మింగేసింది. గినీబుజ్జులకు కొత్త ఒడులు అలవాటు లేదని మాత్రం అంది. ప్రతిభ ఉన్నచోట అలవాటు దానంతటదే వస్తుందన్నారు అధ్యక్షులవారు. ఆమె తిరిగివచ్చి, ఆ రోజు నుంచి జంతువులకు కాప్సికం, దోసకాయ ముక్కలు కాస్త ఎక్కువగా పెట్టింది. అవి ఆరోగ్యానికి మంచివి. నీళ్లు కూడా ఎక్కువ.

ప్రధాన ఒడి కొత్త సూటుతో వచ్చి ఫోటోగ్రాఫరును పిలిపించుకున్నాడు. ఫోటో తీసేలోపు గినీబుజ్జి తన పని తాను కానిచ్చింది. ఆయన ఇంకో సూటు వేసుకొచ్చాడు. దానికీ అదే గౌరవం దక్కింది. ఉప ప్రధాన ఒడి దగ్గర కుందేలు తోలు బెల్టును, తర్వాత ఒక ముఖ్యమైన చొక్కా గుండీని తినేసింది. సలహాదారు దూరంగా నిలబడి సలహా ఇస్తుండగా ఇంకో కుందేలు ఆయన బూటు మీద నిరసన తెలిపింది. ప్రజాసేవలో తడవడం వేరు, నిజంగా తడవడం వేరు. ఆరోగ్య కారణాలతో ఒకరి వెంట ఒకరు తప్పుకున్నారు. జీతాలు మాత్రం చివరిదాకా తీసుకుని, ఆ త్యాగాన్ని గోప్యంగా ఉంచారు. పాత ఒడులను ‘తాత్కాలిక’ అనే మాట తగిలించి వెనక్కి పిలిచారు. మామగారు మోకాళ్ల మీద పాత గోనెగుడ్డ ఒకటి మడిచి పరుచుకుని కూర్చున్నాడు. దర్జీ కదా, ఏ ఒడికి ఏ గుడ్డ నప్పుతుందో ఆయనకు తెలుసు.

ఎండలు కాస్త ముదరగానే జంతువులను ఊరేగింపుగా పార్కుకు తరలించారు. హీటరు కూడా వాటి వెంట వెళ్లింది. అది జంతువుల విభాగం ఆస్తిగా నమోదైపోయింది. పార్కులో దాన్ని ప్లగ్గు లేని చోట, అందంగా కనిపించేలా పెట్టారు. ఆ మర్నాడే, పోతూ పోతూ ఏదో మరిచిపోయిన చుట్టంలా, చలి వెనక్కి తిరిగి వచ్చింది. పఠన మందిరంలో పాఠకుల నోటినుంచి పొగలు వచ్చాయి. మామగారు ఇంట్లో మంచం దిగలేదు. దగ్గు గోడకవతలికి వినబడుతోంది.

లైబ్రేరియన్ హీటరు అడిగింది. జంతువులు లేని చోట హీటరు ఎందుకని అటునుంచి ప్రశ్న వచ్చింది. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంది. పొద్దున్నే పార్కుకు వెళ్లి, గోధుమరంగు గినీబుజ్జిని శాలువాలో చుట్టి చేతిసంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. దొంగతనం ఆమెకు అలవాటు లేదు. అందుకని సంచీ జిప్పు తెరిచే ఉంచి, దారిలో కనబడిన వారందరికీ నమస్కారం పెట్టుకుంటూ వచ్చింది. దాన్ని మామగారి ఒళ్లో పెట్టి పురపాలక ఆఫీసుకు ఫోన్ చేసింది.

“గినీబుజ్జి ఒకటి మా ఇంట్లో ఉందండీ. తన ఒడి విడిచి రానంటోంది. మా ఇల్లు మాత్రం చాలా చల్లగా ఉంది. ఏమైనా అయితే నేను బాధ్యురాలిని కాను.”

సాయంత్రం లోపు మనుషులు నిచ్చెనలతో, పనిముట్లతో వచ్చారు. కిటికీ సందులు పూడ్చారు. బాయిలరు బాగుచేశారు. యజమాని స్వయంగా మెట్లెక్కి వచ్చి, ఇన్నాళ్లూ విషయం తన దృష్టికి రాలేదని గినీబుజ్జికి క్షమాపణ చెప్పుకున్నాడు. అది విని నెమ్మదిగా ఆకు నమిలింది. అన్ని అంతస్తులూ ఒక్కసారిగా వేడెక్కాయి. చాలాకాలానికి పక్కింటివాళ్లు కోట్లు విప్పితే, ఎవరెవరో గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. పశువైద్యుడు వారం వారం వచ్చి గినీబుజ్జిని చూసేవాడు. చెవిగొట్టం ఎలాగూ చెవుల్లో ఉంది కదా అని మామగారి ఛాతీ మీద కూడా ఒకసారి పెట్టేవాడు.

“మీ జంతువుకి ఒడి బాగా కుదిరిందమ్మా,” అన్నాడు ఒకరోజు వెళ్తూ. “దగ్గు కూడా లేదు.”

కోడలు తలుపు వేసి లోపలికి వచ్చింది. మామగారు నిద్రపోతున్నాడు. గినీబుజ్జి మేలుకుని ఆమెనే చూస్తోంది. ఆమె దానికి ఎదురుగా కూర్చుని, ఆ చలికాలంలో మొదటిసారి, కడుపు పట్టుకుని చప్పుడు రాకుండా నవ్వింది.

ఈ వార్త తెలిసి పత్రిక వాళ్లు వచ్చారు. మర్నాడు మొదటి పేజీలో రంగుల ఫోటో పడింది. గినీబుజ్జి మీసాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. దాని చుట్టూ నడుము నుంచి మోకాళ్ల దాకా ఒక ఒడి ఉంది. ఆ పైన కత్తిరించేశారు. పాఠకుల ఉత్తరాలు బస్తాలుగా వచ్చాయి. దాని పేరేమిటి, ఏం తింటుంది, రాత్రిళ్లు భయపడుతుందా, ఆ ఒడి దానికి సౌకర్యంగానే ఉందా అని అడిగారు. ఒడి ఎవరిదని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఈ కథ చదువుతున్నవారు అలాంటి మనుషులు కారు. మొదటినుంచీ మీ దిగులంతా ఆ ముసలాయన దగ్గు గురించేనని మాకు తెలుసు. అయినా ఎందుకైనా మంచిది, మీరు అడగకముందే చెప్పేస్తే మనసు కుదుటపడుతుంది: గినీబుజ్జి క్షేమంగా ఉంది.